మామూలే అన్న మాట

2,904వ రోజు

“మామూలే” అంటే బాగున్నానని చెప్పడమా, బాగాలేనని చెప్పడమా?

పందొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. లూపస్, అంటే ఒంటి రక్షణే ఒంటిమీద తిరగబడే జబ్బు, అని తేలినప్పుడు నాకు ఇరవై ఏడు. అప్పటినుంచి ఎవరు పలకరించినా నా జవాబు ఒకటే. కీళ్లు వాచి దువ్వెన పట్టుకోలేని రోజూ మామూలే, నీళ్ల ట్యాంకు దాకా నడిచి వెనక్కొచ్చిన రోజూ మామూలే. ఆ మాట వినగానే అడిగినవాళ్ల భుజాలు కొంచెం దిగుతాయి. ఇక వాళ్లు చెయ్యాల్సింది ఏమీ లేదు, నేను చెప్పాల్సిందీ లేదు. ఇద్దరం బతికిపోతాం.

ఇవాళ మధ్యాహ్నం దాకా ఇది తెలుగు పాఠాలు చెప్పినదాని చాదస్తం అనుకున్నాను.

కాగితం మీద రాస్తున్నాను. ఇంటి గోడకు చెబితే నేరుగా ఊళ్లో అందరి ఒంటి సంగతులు చూసే పలకరింపు కేంద్రానికి వెళ్లిపోతుంది. ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియకముందు దానికి తెలియడం నాకిష్టం లేదు. అక్షరాలు కుడివైపు దిగజారుతున్నాయి. అలసట వల్ల అయ్యుండొచ్చు. కాకపోవచ్చు.

పన్నెండింటికి వదినా నేనూ భోజనానికి కూర్చున్నాం. బయట ఊరి కప్పు పలకలు ఎండ పడకుండా మూసుకుని ఉన్నాయి, వీధిదీపాలు వెలుగుతున్నాయి. రాగిసంగటి, గోంగూర పప్పు. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంత చేసి పప్పు పోసుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటు. ఇవాళ గుంత పడలేదు. వేలు ముద్దకు ఆనింది, అక్కడే ఉండిపోయింది. నొక్కుతున్నాననే అనుకుంటున్నాను. వేలు మాత్రం వేరేవాళ్లదిలా కూర్చుంది.

“ఏంమే, సంగటి గట్టిగా వచ్చిందా?” అంది వదిన.

కాదని చెప్పబోతే “తా” అని వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే.

వదిన లేచి చెయ్యి కడుక్కోకుండానే నా గడ్డం పట్టుకుంది. నవ్వమంది, పళ్లు కనపడాలంది. నవ్వాను. రెండు చేతులూ ఎత్తమంది. ఎత్తాను. కుడిచెయ్యి సగంలో ఆగి మెల్లగా కిందికొచ్చేసింది. ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది, నా చెయ్యి చూసుకుని కాదు.

నా మణికట్టు పట్టీ కనిపెట్టినట్టుంది, గోడ పలికింది. పొద్దున్నే పలకరించే అదే మెత్తటి గొంతు. “మందాకిని గారూ, మీ కుడిచేతి కదలికలో మార్పు కనిపిస్తోంది. ఇది కొత్తదా, మామూలేనా?”

అప్పటికి పది పన్నెండు నిమిషాలు అయ్యుంటుంది. వేళ్లలోకి చీమలు పాకినట్టు పట్టు తిరిగొస్తోంది. మాటా వచ్చింది. వచ్చిన మొదటి మాట “మామూలే”.

“ధన్యవాదాలు. విశ్రాంతి తీసుకోండి” అని గోడ ఊరుకుంది.

ఆసుపత్రికి పోదాం పద అని వదిన చెప్పులు కూడా వేసుకుంది. నేను కదల్లేదు. పోయిన నెలంతా జబ్బు తిరగబెట్టి ఉంది, వేళ్లు మొద్దుబారడం నాకు కొత్త కాదు, మాట తడబడడమూ కొత్త కాదు. పోయినేడు మూడుసార్లు పరుగెత్తుకెళ్లి మూడుసార్లూ ఏమీ లేదనిపించుకుని వచ్చాను. మూడోసారి అక్కడివాళ్లు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. తగ్గిపోయిందిగా వదినా, అన్నాను.

“మీ అన్నకూ పోయే ముందురోజు తగ్గిపోయినాది” అంది.

అయినా వెళ్లలేదు. ఎవరిమీద కోపమో తెలియకుండా సాయంత్రం అంతా గిన్నెలు తోమాను.

2,905వ రోజు

రాత్రి రాసిన పేజీ పొద్దున చదివాను. మూడు చోట్ల అక్షరాలు లేవు, తర్వాత పూరించాను. అలసట అక్షరాలను తినదు.

లూపస్ ఉన్నవాళ్లలో కొందరి రక్తానికి తొందరగా గడ్డకట్టే గుణం ఉంటుంది, నాకు ఉంది. ముప్ఫై ఒకటో ఏట పరీక్ష చేసి చెప్పారు. వయసులో ఉన్నా సరే, ముఖం ఒకవైపు జారినా, చెయ్యి పడిపోయినా, మాట తేడా వచ్చినా, కన్ను ఉన్నట్టుండి మసకబారినా, నడక తూలినా, పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే వెంటనే రావాలని చెప్పారు. తగ్గిపోవడం హెచ్చరిక అన్నారు. నేను తలూపాను. పదిహేనేళ్లు తలూపుతూనే ఉన్నాను. నిన్న నిజంగా వచ్చినప్పుడు గిన్నెలు తోమాను. నాకు నా మీద ఎంత కోపం ఉందో రాయడానికి ఈ కాగితం చాలదు.

తొమ్మిదింటికే ఆసుపత్రి గేటుకు వెళ్లాను. గేటు నా పట్టీ చూసుకుని, నాది ఆకుపచ్చ రికార్డు, అంటే తొందర లేనిదనీ డాక్టరు వంతు ఇరవై ఆరు రోజుల తర్వాత అనీ చెప్పింది. నిన్న నాకు చెయ్యి పడిపోయిందన్నాను. “నిన్న మీరు మామూలే అన్నారు” అంది గేటు. అది పొరపాటు అన్నాను. మీ మాటను గౌరవిస్తున్నాం అంది.

నా మాటను గౌరవించడమట! మనిషి కాపలా ఉన్న రోజుల్లో అయితే కాళ్లో వేళ్లో పట్టుకునేదాన్ని, తిట్టేదాన్ని, అక్కడే కూలబడేదాన్ని. గేటుకు ఏం చూపించను? అదే చేతితో ఇనుప ఊచను ఒక్కటి చరిచాను. చెయ్యి బాగానే పనిచేస్తోందని అది రాసుకుని ఉంటుంది.

పలకలు మూసే సైరన్‌కు ముందే వెనక్కొచ్చేశాను. పది దాటితే కప్పు చివర వీధుల్లో నాలాంటివాళ్లు నడవకూడదు, పలకల సందుల్లోంచి వచ్చే ఎండ కూడా మాకు దద్దుర్లు లేపుతుంది.

2,906వ రోజు

పలకరింపు కేంద్రానికి వెళ్లాను. ఓబులేసును కలిశాను. ఊరి మీద కప్పు వేసి ఈ రోజుల లెక్క మొదలుపెట్టిన మొదటి ఏడాది నా కింద పనిచేశాడు. యూనివర్సిటీ మూతపడ్డాక నాకు దొరికిన పని అదే: గోడలకు తెలుగు నేర్పడం. జనం తమ ఒంటి గురించి చెప్పే మాటలన్నిటికీ రంగులు వేసేవాళ్లం. “గుండెల్లో పట్టేసింది” ఎరుపు, అంటే బండి వెంటనే కదలాలి. “ఒళ్లు వెచ్చగా ఉంది” పసుపు. “సల్లంగుండా” ఆకుపచ్చ. నాలుగువేల మాటలు. ఇప్పుడు ఓబులేసు ఆ విభాగానికి పెద్ద. నన్నింకా మేడమ్ అనే అంటాడు.

పాత జబ్బులవాళ్ల పట్టికలో ఉన్న మనిషికి ఏ మార్పు వచ్చినా, ఆ మనిషి ఆకుపచ్చ మాట అంటే గోడ ఆ సంగతిని అక్కడితో మూసేస్తుంది. ఈ తెలివితక్కువ ఏర్పాటు ఎవరిదని అడిగాను. నా గొంతు పక్క గదికి వినిపించి ఉంటుంది. మామూలే అన్న మాటకు ఆకుపచ్చ వేసిన గాడిద ఎవరు?

ఓబులేసు తెర నా వైపు తిప్పాడు. మాట, రంగు, తేదీ, సంతకం. సంతకం నాది.

గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండేది. ఆ మొదటి వేసవిలో ఊరికి పదకొండు ఆసుపత్రి బండ్లే. నాలాంటివాళ్లం కీళ్లనొప్పులని చెప్పిన ప్రతిసారీ బండి వచ్చేది, మందు రాసి వెళ్లేది. ఒకరోజు కప్పు దూలం మీదినుంచి ఒక తాపీమేస్త్రీ పడ్డాడు. బండ్లన్నీ మా వీధుల్లో ఉన్నాయి. నలభై నిమిషాలు ఇసుకలో పడి ఉన్నాడు. పోయాడు. ఆ వారమే నేను కూర్చుని ఆలోచించి ఆకుపచ్చ వేశాను. మామూలే అంటే నన్ను వదిలెయ్యండి అని అర్థం, నాకు తెలియదా, రోజూ అనేదాన్నే కదా అనుకున్నాను.

“మీరు అప్పుడు తప్పు చేసినారని నేననను మేడమ్” అన్నాడు ఓబులేసు. మార్చడానికి వీలుందా అంటే కమిటీ తొమ్మిది రోజుల తర్వాత కూర్చుంటుందట, వినతి పెడతానన్నాడు. ఈలోగా నాకేమైనా అయితే? ఎరుపు మాట ఏదైనా వాడండి, అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. పక్షవాతం వచ్చినవాళ్లు మాటలు ఎంచుకుంటారా అని అడిగితే వినతి కాగితం తీసి నింపడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి వదినకు సంగతి చెప్పాను. రంగు వేసింది నేనేనని మాత్రం చెప్పలేదు. ఓబులేసు మీదికి నెట్టాను. ఇది కూడా రాసిపెడుతున్నాను.

2,908వ రోజు (2,921న రాసినది)

ఇందులో సగం నాకు గుర్తున్నది, సగం వదిన చెప్పింది. ఆమె చెప్పే తీరు ఏమిటంటే, ముందు నన్ను తిడుతుంది, తర్వాత సంగతి చెబుతుంది.

పది గంటల సైరన్ కొట్టింది. నేను ముందుగదిలో పళ్లెం పెట్టుకుని గోరుచిక్కుళ్లు కోస్తున్నాను. నేను ముక్కలు సమానంగా కోస్తాను, వరసలు పేరుస్తాను. మా ఆడబిడ్డ కొలబద్ద పెట్టి కోస్తాదని వదిన ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆమె, మన వీధి పలకలు మూసుకున్నాయా అని కేకేసింది. మూసుకున్నాయి, మూలది కిర్రుమంటోంది అని జవాబిచ్చాను. ఇది ఇద్దరికీ గుర్తుంది.

తర్వాత నాకు గుర్తున్నది కత్తి. అది కింద పడి ఉంది. దాన్ని పడేసింది నేనని తెలియలేదు. తల ఒకవైపు బరువుగా ఉంది, నొప్పి లేదు. వీధిదీపం రెండుగా కనిపించింది.

గోడ పలికింది. “మందాకిని గారూ, కుడిచేతిలో మార్పు. కొత్తదా, మామూలేనా?”

కొత్తది అని చెప్పాలి. ఆ మాట నా తలలో ఉంది, దాని రంగు కూడా నాకు తెలుసు, దానికి ఎరుపు వేసింది నేనే. నోరు తెరిచాను.

“మామూలే.”

కాదు కాదు అనుకున్నాను. మళ్లీ తెరిచాను. “మామూలే.” పందొమ్మిదేళ్లు అరగదీసిన మాట అది. మాటలన్నీ కూలిపోయాక మిగిలింది అదొక్కటే. తర్వాత డాక్టరు చెప్పింది, అలా జరుగుతుందట, మెదడుకు దెబ్బ తగిలినప్పుడు వాడి వాడి అలవాటైన మాటే తిరిగి తిరిగి వస్తుందట. కొందరికి దేవుడి పేరు, కొందరికి బూతు. నాకు ఇది.

మూడోసారి అరిచాననుకుంటా. నాలుగోసారి ఏడ్చాను.

“ధన్యవాదాలు. విశ్రాంతి తీసుకోండి.”

కత్తి చప్పుడుకు వదిన తడి చేతులతో వచ్చింది. నేను గోడను చూస్తూ మామూలే మామూలే అంటున్నానట, మూతి కుడివైపు జారి ఉందట. “నువ్వు అంటాండేది ఆ మాట. నీ కండ్లు అంటాండేది వేరే” అని తర్వాత చెప్పింది. బండి పంపమని గోడను అడిగింది. మందాకిని గారు క్షేమంగా ఉన్నానని నాలుగుసార్లు చెప్పారు అంది గోడ. వదిన చేతిలోని తడి లంగా తీసి గోడకేసి కొట్టింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

పక్కింటి గంగులప్ప వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మూత్రపిండాల జబ్బు, మంచివాడు. నీళ్లూ రక్తం పలచబడే మాత్రా పట్టుకొచ్చాడు. వదిన గ్లాసు తోసేసింది. మింగుడు పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆమెకు తెలుసు. అన్నకు అలాగే అయినప్పుడు ప్రేమగా కాఫీ తాగించింది తనే. ఇక మాత్ర సంగతి: లోపల గడ్డకట్టిందో, నరం చిట్లి కారుతోందో ఫొటో తియ్యకుండా ఎవరికి తెలుసు? చిట్లి ఉంటే ఆ మాత్రే చంపుతుంది. నన్ను పక్కకు పడుకోబెట్టి దిండు పెట్టింది.

అప్పుడామె చేసిన పని గురించి ఊరంతా మాట్లాడుకుంటోంది. గోడకు ఎదురుగా నిలబడి తన పట్టీ ఎత్తి, “వన్నూరమ్మను మాట్లాడతాండా. నాకు మూతి వంకర పోయినాది. చెయ్యి లేస్తలేదు. మాట ముద్దగా వస్తాండాది” అంది.

మాట ముద్దగా వస్తోందని ఇంత స్పష్టంగా లోకంలో ఎవరూ చెప్పి ఉండరు. గోడ నమ్మింది. వదినకు ఏ జబ్బూ లేదు, ఏ పట్టికలోనూ లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మాట కాబట్టి ఎరుపు. ఆరు నిమిషాల్లో బండి వచ్చింది.

బండి తలుపు తెరుచుకున్నాక మంచం మీద నన్ను పడుకోబెట్టి, తనూ ఎక్కి, పక్కన చిక్కుళ్ల పళ్లెం పెట్టుకుంది. అదెందుకని గంగులప్ప అడిగాడట. గమ్మునుండు నాయనా అందట.

ఆసుపత్రిలో తస్లీమా అనే డాక్టరు. నలభై లోపు ఉంటుంది, పొడి మనిషి. వదిన నా పేరు చెప్పగానే రికార్డు తెర మీదికొచ్చింది: కుడిచేతిలో మార్పు, నాలుగు రోజుల క్రితం మొదలు. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. నాలుగు రోజులంటే ఇవ్వకూడదు, ఇస్తే ప్రమాదం. తెర కింద గీత గీసి చెప్పింది: మందు వద్దు.

“ఈమె చివరిసారి బాగున్నట్టు మీరు చూసింది ఎప్పుడు?” అని డాక్టరు అడిగింది.

వదిన పళ్లెం ఆమె ముందు పెట్టింది. ఒకపక్క నాలుగు వరసలు, అన్నీ ఒకే కొలత. ఐదో వరసలో మూడు ముక్కలు అలాగే ఉన్నాయి. నాలుగోది వంకర. ఐదోది సగం తెగి వేలాడుతోంది. ఆ తర్వాత కాయలు కాయలుగానే ఉన్నాయి.

“ఈడిదాకా బాగుండాది” అని వేలు పెట్టింది వదిన. “సైరన్ కొట్టినంక కూర్చున్యాది. పలకల గురించి నాతో సక్కంగా మాట్లాడింది. నాలుగు దినాల కిందట పడిపోయిన చెయ్యి ఇట్ల కోస్తాదామ్మా?”

డాక్టరు పళ్లెం వైపు కాసేపు చూసింది. నాలుగు రోజుల నాటిది పూర్తిగా తగ్గిందా, ఎంతసేపు ఉందని అడిగింది. వదిన చెప్పింది. తల ఫొటోలో రక్తం కారడం లేదని తేలాక తెర మాట పక్కనపెట్టి, మొదలు పది గంటలు అని చేత్తో రాసింది. పదకొండు దాటిన ఐదు నిమిషాలకు మందు ఎక్కింది.

కుడిచెయ్యి తిరిగొచ్చింది, చిటికెనవేలు తప్ప. మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. మూడోరోజు వదిన పేరు వచ్చింది. ఏడోరోజు “కొత్తది” వచ్చింది. అప్పుడు దానివల్ల ఏం లాభం?

2,926వ రోజు

ఇంటికి కాగితం వచ్చింది. అబద్ధపు పిలుపు చేసినందుకు వన్నూరమ్మ గొంతుకు బూడిద రంగు, ఏడాది పాటు. అంటే ఏడాదిపాటు ఆమె ఏం చెప్పినా బండి కదలదు, ముందు ఎవరో మనిషి విని నిజమని తేల్చాలి. వినే మనుషులు ఊరికి ఇద్దరు.

వదినకు యాభై ఎనిమిది. రక్తపోటు ఉందని ఆసుపత్రిలోనే బయటపడింది. అసలు చూపించుకోలేదు, నన్ను చూసుకోవడంలో పడి.

అమ్మయ్య, ఇంక పొద్దున్నే ఆ గోడతో మాట్లాడే పని తప్పింది అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిజం కాని నా మాటను నమ్మి నన్ను చావనిచ్చే గోడ, అబద్ధమాడి బతికించిన ఆమెను ఏడాది నమ్మదట.

సాయంత్రం ఓబులేసు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కమిటీ ఒప్పుకుందట. మామూలే అన్న మాటకు అప్పట్లో వేసిన రంగు తప్పని, వేసినవాళ్లే రాసిచ్చి, కొత్త రంగు కూడా వాళ్లే వేస్తే, తప్పు నియమం వల్ల జరిగిన అబద్ధం అబద్ధం కిందికి రాదు. వదిన బూడిద తొలగిపోతుంది. ఫారం బల్ల మీద పెట్టాడు. పైన నా పేరు పెద్దక్షరాల్లో ఉంది.

వదిన కాఫీ తెచ్చింది. ఆమెకు చదువొచ్చు. ఫారం చదివింది, నా పేరు చూసింది.

“నువ్వేనా మే ఆ రంగు ఏసింది?”

అవునన్నాను.

ఓబులేసు చల్లారిన కాఫీ తాగాడు. చివరికి వదిన, “ఓబులేసును ఎన్ని తిట్లు తిట్టినానో పాపం” అని అతనికి ఇంకో రెండు మురుకులు పెట్టింది. నాకు పెట్టలేదు.

2,930వ రోజు

నాలుగు రోజులుగా ఫారం ముందు కూర్చుంటున్నాను. మొదటి భాగం ఇట్టే రాశాను, దానికి సందేహం లేదు. ముఖం, చెయ్యి, మాట, చూపు, నడక, వీటిలో ఏది ఉన్నట్టుండి మారినా మనిషి ఏమన్నా అననీ, లూపస్ ఉందా ఇంకేదైనా ఉందా చూడకుండా, తగ్గిపోయినా సరే, బండి పంపాలి. పాత జబ్బు ఉన్నవాళ్లకు కొత్త జబ్బు రాదని ఎవరు చెప్పారు? ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను. కాగితం చిరిగింది.

రెండో భాగం ఒక గడి. మాట: మామూలే. రంగు:

ఎరుపు వేస్తే, నాలాంటివాళ్లుండే లోపలి వీధుల్లో రోజూ మామూలే అనే రెండువేలమందికీ బండి కదలాలి. పదకొండు బండ్లు ఇప్పుడు పద్నాలుగయ్యాయి, అంతే. ఇంకో మేస్త్రీ పడతాడు. ఆకుపచ్చే ఉంచితే, పట్టీ కనిపెట్టలేని మార్పు వచ్చి, చూపు చీకటైన ఏ మనిషో నాలాగే ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంటుంది.

“ఏదో ఒకటి రాసి పారెయ్‌మే” అంది వదిన. నాలుగు రోజుల్లో నాతో ఆమె అన్న మొదటి పూర్తి వాక్యం అది.

రంగు లేదు, అని రాశాను. మామూలే అన్నది జవాబు కిందికి రాదు. ఆ మాట విన్నప్పుడు గోడ వదినలా చెయ్యాలి: నవ్వమనాలి, రెండు చేతులూ ఎత్తమనాలి, ఒక వాక్యం చెప్పించాలి. సంతకం చేశాను. చిటికెనవేలు సహకరించలేదు. ఏడేళ్ల కిందటి సంతకంతో కలవదని ఓబులేసు వంక పెడతాడేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

2,937వ రోజు

వదిన గొంతుకు బూడిద పోయింది. సంతోషమేం ప్రకటించలేదు, పొద్దున్నే గోడతో “తిరిగొచ్చినా సూడు” అంది.

వీధి వీధంతా నా మీద మండిపడుతోంది. గంగులప్ప గుమ్మంలో నిలబడి తిట్టాడు. “పొద్దున్నే నన్ను నవ్వమంటాండాది తల్లీ. యాభై ఏండ్లు కాపురం చేసినా నా పెండ్లామే నన్ను నవ్వమని అడగలేదు. నొప్పులతో సచ్చిపోతాంటే చేతులెత్తల్లంట, పోలీసులకెత్తినట్ల.” మామూలే అంటే నన్ను వదిలెయ్ అని దానికి తెలియదా అని అడిగాడు. సరిగ్గా నేను ఏడేళ్ల కింద అనుకున్న మాటే.

నాలుగో వీధిలో ఒకామె, నలభై ఏళ్లది, నాలాగే లూపస్. మొన్న పొద్దున మామూలే అంది, చేతులెత్తమంటే ఎడమది లేవలేదు. సమయానికి వెళ్లింది. ఆమె బంధువులు ఎవరూ నాకు కృతజ్ఞత చెప్పలేదు, వాళ్లకు నేనెవరో తెలియదు. అదే రోజు పెన్న ఏటి వైపు గేటు దగ్గర ఒకాయనకు బండి పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. బండ్లు ఎక్కడున్నాయి? చేతులెత్తనని మొండికేసిన మా వీధివాళ్ల ఇళ్ల ముందు. ఆయన బతికాడు. తర్వాతివాళ్లు?

ఈ పొద్దున గోడ పలకరించింది. రాత్రంతా కీళ్లు కాల్చేసినట్టున్నాయి. నిద్ర లేదు. అరిచి చెప్పడానికి ఎన్నో మాటలున్నాయి, అన్నిటి రంగులూ తెలుసు. “మామూలే” అన్నాను.

“మందాకిని గారూ, ఒకసారి నవ్వండి. రెండు చేతులూ ఎత్తండి.”

ఒళ్లు మండింది. నా ఏర్పాటే నన్ను ఆజ్ఞాపిస్తుంటే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండోసారి అడిగింది. మూడోసారి అడిగినా ఎత్తకపోతే బండి బయల్దేరుతుంది. ఆ నియమమూ నాదే.

గుమ్మంలో వదిన, చేతిలో చిక్కుళ్ల పళ్లెం. “ఎత్తుమే” అంది.

ఎత్తాను. రెండూ నిలబడ్డాయి. వదిన వాటివైపు చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది, గోడకన్నా ఎక్కువసేపు.

ఈ పొద్దున నేనన్న మామూలే నిజమా, అబద్ధమా? బాగున్నానా? ఆ ఒక్క మాటనూ మా వీధివాళ్ల నోట్లోంచి లాగేసుకునే హక్కు నాకుందా? ఆలోచిస్తూనే ఉన్నాను. నాలుగో వీధి ఆమె గుర్తొస్తే ఉందనిపిస్తుంది, గంగులప్ప ఎదురుపడితే లేదనిపిస్తుంది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.